ఆండాళ్ సైకిలుకి మోటారు

గత వేసవి నుంచి గోడకు వేలాడుతున్న ఆకుపచ్చ మౌంటెన్ బైకు అది. టైరు గాడుల్లో ఎండిపోయిన మట్టి ఇంకా అలాగే ఉంది. విద్య దాన్ని తన గ్యారేజీలో స్టాండుకి బిగించి, పెడల్‌ని మోసే క్రాంకుని ఊడదీయడానికి తంటాలు పడుతోంది. ఇన్నాళ్ళూ కదలక అది ఇరుసుకి పట్టేసుకుంది. నాలుగు చుక్కలు నూనె వేసి, కాసేపు ఆగి, రెంచికి ఒక ఇనప గొట్టం తొడిగి మళ్ళీ లాగింది. టక్కుమని వదిలింది.

సైకిలు ఆమెది కాదు, ఆండాళ్‌ది.

ఆండాళ్ పిల్లల డాక్టరు. తిరుపతిలో చదువుకుని, పెళ్ళయ్యాక భర్త కృష్ణమూర్తితో అమెరికా వచ్చి, శాన్ రామన్‌లో చాలా ఏళ్ళు ప్రాక్టీసు చేసి రిటైరైంది. విద్యది హనుమకొండ. లోహపు భాగాలు ఎంత బరువుకి వంగుతాయో, ఎప్పుడు విరుగుతాయో పరీక్షించే కంపెనీలో ఇంజనీరు. యాభై నాలుగేళ్ళు. పాతికేళ్ళ కిందటే పెళ్ళి ముగిసిపోయింది, పిల్లలు లేరు. ఆండాళ్ ఆమె కన్నా ఎనిమిదేళ్ళు పెద్ద.

ఇద్దరికీ పరిచయం సైకిళ్ళ షాపులో. ఒకావిడ హెల్మెట్ తలకి పెట్టుకుంటూ, తీస్తూ, "నా కొప్పుని ఎక్కడ పెట్టుకోమంటారో వీళ్ళు" అని తనలో తను గొణుక్కుంటూంటే పక్క అరల దగ్గరున్న విద్యకి నవ్వొచ్చింది. "కొప్పు కొంచెం కిందికి వేసుకోండి, వెనక పట్టీ దాని పైనుంచి పోతది" అంది. ఆవిడ ఉలిక్కిపడి చూసి, తర్వాత ఆమే నవ్వింది. ఆ వారాంతం నుంచే ఇద్దరూ కలిసి తొక్కడం మొదలుపెట్టారు. ఊరికి పడమట కొండల మీదికి, పశువులని మేపే రాంచ్ గుండా, ఒక పాత దారి ఉంది. రాంచ్ వాళ్ళు పశువుల గేటు ఒకటి పెట్టి సైకిళ్ళకి వదిలేశారు. శనివారం పొద్దున ఆ దారిన ఎక్కడం, పైన గట్టు మీద కూచుని తెచ్చుకున్నదేదో తినడం, దిగి రావడం.

ఎక్కేటప్పుడు నడక వేగమే కాబట్టి పక్కపక్కనే తొక్కేవాళ్ళు. మాటలన్నీ అక్కడే. దిగేటప్పుడు ఎవరి బ్రేకులు వాళ్ళవి, ఎవరి దుమ్ము వాళ్ళది. ఎక్కుడు దారిలో ఆయాసపడుతూ, ముక్కలు ముక్కలుగా, ఒకరి మాట ఒకరు పూర్తిచేస్తూ ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నారు. విద్య తన విడాకుల సంగతి చెప్పింది ఆ దారిలోనే. అప్పుడు ఆండాళ్ గేరు ఒకటి తగ్గించి ఆమెతో సమంగా వచ్చింది.

కిందటి వేసవిలో ఆండాళ్‌కి గుండె కవాటం ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదని తేలింది. ఆపరేషన్ చేశారు. బాగానే జరిగింది. కానీ కొండలెక్కడం వద్దన్నారు.

ఆండాళ్ కోలుకుంటున్నంత కాలం ఆ ఇంటినిండా మనుషులు. కూతురు, కొడుకు, కోడలు, వంటలు తెచ్చే స్నేహితులు. విద్య వెళితే సోఫాలో ఒక మూల కూచుని, అందరితో పాటు కాఫీ తాగి వచ్చేసేది. శనివారాలు ఒంటరిగానే కొండెక్కింది. ఒకసారి కుర్రవాళ్ళ సైకిల్ గ్రూపు ఒకదానితో వెళ్ళి చూసింది. వాళ్ళు మర్యాదగా ఆమె కోసం ప్రతి మలుపులోనూ ఆగారు. ఆ మర్యాదకి రెండోసారి వెళ్ళబుద్ధి కాలేదు. శుక్రవారం ఆఫీసులో "హావ్ ఎ నైస్ వీకెండ్" అన్నాక సోమవారం దాకా నోరు విప్పే పని ఉండేది కాదు. తెలుగు మాట్లాడి ఎన్నాళ్ళయిందో లెక్క కూడా పెట్టుకోలేదు.

2014 వసంతంలో, కొండలు పచ్చబడ్డాక, ఆమెకి మోటారు ఆలోచన వచ్చింది.

"మోపెడ్ చేస్తావా నా బైకుని?" అంది ఆండాళ్. "మా నాన్నకి ఉండేది ఒకటి. ఇల్లంతా పెట్రోలు వాసన."

"పెట్రోల్ కాదక్కా, బ్యాటరీ. నువ్వు తొక్కితేనే తిరుగుతది. నువ్వు ఆపితే అదీ ఆగుతది. సగం పని నీది, సగం దానిది."

"నా గుండె ఏ సగంలోకి వస్తుంది?"

"దాన్ని రెస్ట్ తీసుకోమని చెప్దాం."

కృష్ణమూర్తి పేపరు దించి చూశాడు. "డాక్టర్‌ని అడక్కుండా ఏం వద్దమ్మా విద్యా" అన్నాడు.

అడిగారు. నాడి నూట ఇరవై దాటకుండా చూసుకుంటే ఫర్వాలేదనీ, ఛాతీకి నాడి కొలిచే బెల్టు కట్టుకోమనీ, అది దాటగానే చేతి గడియారం మోగేలా పెట్టుకోమనీ కార్డియాలజిస్టు చెప్పాడు. ఆండాళ్ ఆ మాట ఫోన్‌లో చెబుతుంటే విద్య అప్పటికే కంప్యూటర్ ముందు కూచుని మోటారు ఆర్డర్ చేస్తోంది.

క్రాంకు ఊడిన చోట పాత ఇరుసుని తీసేసి మోటారు ఇరుసుని దూర్చింది. కొబ్బరికాయంత మోటారు ఫ్రేము కింద వేలాడింది. సీసా పెట్టుకునే చోట బ్యాటరీ బిగించింది. ముందున్న మూడు పళ్ళచక్రాలు తీసేసి ఒక్కటే ఉంచింది. వేగం కొలవడానికి వెనక చక్రపు ఊచకి చిన్న అయస్కాంతం, హ్యాండిల్ మీద అగ్గిపెట్టెంత తెర. వైర్లు వేలాడకుండా ప్లాస్టిక్ టైలతో కట్టి, కొసలు కత్తిరించి, వేలితో తడిమి చూసింది, ఆండాళ్ కాలికి గీసుకోకుండా.

మొదటి రోజు ఎక్కడం హాయిగా జరిగింది. దిగేటప్పుడు మాత్రం మొదటి మలుపులోనే ఆండాళ్ బ్రేకుల నుంచి కాలిన వాసన వచ్చింది. మోటారూ బ్యాటరీ కలిసి బండి బరువు పెరిగిందని, పాత బ్రేకులు దానికి చాలవని విద్యకి తట్టనే లేదు. ఇద్దరూ సైకిళ్ళు దిగి, నడిపించుకుంటూ కిందికి వచ్చారు. ఆ వారమే విద్య ముందు చక్రానికి పెద్ద బ్రేకు డిస్కు వేసింది. బ్రేకు ప్యాడ్లు మార్చింది. కుదుపులు మింగే ముందు ఫోర్కు మరీ కుంగిపోతోందని చిన్న పంపుతో గాలి పెంచి, ఆండాళ్‌ని సీటు మీద కూచోబెట్టి, ఎంత దిగుతోందో చూసి, కొంచెం వదిలి, మళ్ళీ కూచోబెట్టింది.

"నన్ను ఇంత శ్రద్ధగా మా కార్డియాలజిస్టు కూడా చూడలేదు" అంది ఆండాళ్.

ఏప్రిల్ అంతా బాగా గడిచింది. దారి పక్కన పసుప్పచ్చ పూలు, గేటు దగ్గర అడ్డంగా నిలబడి కదలని ఆవులు. కానీ నెల తిరిగేసరికి ఆండాళ్‌కి మోటారు అలవాటైపోయింది. ఎక్కుడు మొదలవగానే తెర మీద మోటారు బలం చూపే అంకె ఒకటి పెంచేది. బండి జివ్వుమని ముందుకి పోయేది. "పైన ఉంటాను" అని చెయ్యి ఊపేది. విద్య తన మోటారు లేని సైకిలు మీద, చిన్న గేరులో, ఆ వీపు మలుపు తిరిగి మాయమయ్యేదాకా చూస్తూ తొక్కేది.

పైకి చేరేసరికి ఆండాళ్ ఎవరితోనో మాట్లాడుతూ ఉండేది. అలా పరిచయమైంది కేథీ. రిటైరైన స్కూలు టీచరు, ఆవిడకీ ఎలక్ట్రిక్ బైకే. బుధవారాలు అలాంటి బళ్ళున్న నలుగురైదుగురు కలిసి వెళతారట. ఆండాళ్ వాళ్ళలో చేరింది. విద్యకి బుధవారం ఆఫీసు.

"నువ్వూ ఒకటి పెట్టించుకోరాదూ?" అంది ఆండాళ్ ఒక శనివారం.

"నా కాళ్ళు మంచిగనే ఉన్నయి కదక్కా."

అది నిజమే. కానీ అది మొత్తం నిజం కాదు. ఆమెకి కొండెక్కడం కావాలి, నెమ్మదిగా, పక్కన ఒక మనిషి ఆయాసపడుతూ మాట్లాడుతూంటే. ఇద్దరూ మోటార్ల మీద పైకి దూసుకుపోతే అది ఏం ఎక్కడం? ఈ సంగతి పైకి చెబితే చిన్నపిల్ల మారాంలా వినిపిస్తుందని ఊరుకుంది. ఆండాళ్ అడిగితే ముందు పళ్ళచక్రం పెద్దది వేసింది. ఇంకా వేగంగా పోవడానికి. తన చేతులతోనే వేసింది.

జూన్ చివర్లో ఆండాళ్ బైకుని సర్వీసుకని వదిలి వెళ్ళింది. ఆదివారం మధ్యాహ్నం. విద్య చైను కడిగింది, అది ఎంత అరిగిందో కొలిచి చూసింది, బ్రేకులు సరిచేసింది. చివరికి కేబుల్‌తో మోటార్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపింది. తెర మీద ఒక్కో అంకెకి మోటారు ఎంత బలం ఇవ్వాలో అక్కడ మార్చుకోవచ్చు. మొదట్లో అవన్నీ పెట్టింది తనే.

కాసేపు ఆ అంకెల కేసి చూస్తూ కూచుంది. తర్వాత అన్నిటినీ దాదాపు సగానికి తగ్గించింది. ఆండాళ్ తెర మీద మూడు అని పెట్టుకుంటే ఇకముందూ మూడే కనిపిస్తుంది. ఆ మూడు వెనక ఉన్న బలం మాత్రం సగం. సేవ్ నొక్కి, కేబుల్ పీకి, చేతులు కడుక్కుంది. ఆండాళ్ వచ్చి బండి తీసుకుని, ఒక డబ్బాలో మామిడికాయ పప్పు ఇచ్చి వెళ్ళింది.

ఆ శనివారానికి కొండలు ఎండి గోధుమ రంగులోకి తిరిగాయి. ఎక్కుడు మొదలైంది. ఆండాళ్ ముందుకి దూసుకుపోలేదు. విద్య పక్కనే ఉంది, పాత రోజుల్లో లాగే, ముందు చక్రాలు రెండూ సమంగా.

"ఇవాళ నీకు బలం వచ్చిందే" అంది ఆండాళ్.

విద్య హ్యాండిల్ మీదికి వంగి తొక్కింది. ఆండాళ్ మాట్లాడింది. ఆపరేషన్‌కి ముందు రోజు రాసుకున్న జుట్టు నూనె వాసన కూడా హాస్పిటల్ వాళ్ళు కడిగించేశారని, మత్తు ఇచ్చే ముందు తనకి పిల్లలు గుర్తు రాలేదని, ఆయన గుర్తు రాలేదని, ఎప్పుడో ప్రాక్టీసు మొదట్లో తన చేతుల్లో పోయిన ఒక పసివాడు గుర్తొచ్చాడని చెప్పింది. "ఇది నేను మా వాళ్ళెవరికీ చెప్పలేదు విద్యా. చెబితే ఏడుస్తారు. నువ్వు వింటావు." ఇన్ని నెలలుగా తను ఎదురుచూసింది ఈ మాటల కోసమే. ఇవి తను తీసుకున్నవే గాని ఆండాళ్ ఇచ్చినవి కావని కూడా ఆమెకి తెలుస్తూనే ఉంది.

గట్టుకి కొంచెం ముందు దారి నిటారుగా లేస్తుంది. ఆండాళ్ అంకె పెంచింది. బండి అందుకోలేదు. ఇంకొకటి పెంచింది. చివరి అంకె. పెద్ద పళ్ళచక్రం, చాలని మోటారు. పెడళ్ళ మీద లేచి నిలబడి తొక్కింది. చేతి గడియారం మోగడం మొదలుపెట్టింది. సన్నగా, ఆగకుండా.

"దిగక్కా, దిగు" అంది విద్య.

ఆండాళ్ దిగింది. సైకిలు పక్కకి పడిపోయింది. ఒక ఓక్ చెట్టు నీడ దాకా నడిచి, నేల మీద కూచుని, రెండు వేళ్ళు మెడ మీద పెట్టుకుని తన నాడి తనే చూసుకుంది. మొహం పాలిపోయింది. విద్య హెల్మెట్ పట్టీ విప్పి, నీళ్ళు ఇచ్చి, మోకాళ్ళ మీద కూలబడింది. కాసేపటికి గడియారం మోత ఆగింది. రంగు తిరిగి వచ్చింది. కానీ ఆండాళ్ లేవలేదు.

"పోయిన వారం ఇదే చోట రెండో అంకెలో ఎక్కాను" అంది మెల్లగా. "ఇవాళ మొదట్నుంచీ బరువుగానే ఉంది. నీతో మాట్లాడుతూ పట్టించుకోలేదు. కవాటం మళ్ళీ లీక్ అవుతున్నట్టుంది విద్యా. వాళ్ళు చెప్పారు, కొందరికి మళ్ళీ వస్తుందని." మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కిందికి, ఊరి ఇళ్ళ కప్పుల కేసి చూసింది. "ఆయనకి ఎలా చెప్పాలో. ఇంకోసారి ఛాతీ కోయించుకోలేను నేను."

విద్య పక్కకి పడిన సైకిలు కేసి చూసింది.

"నీ గుండె కాదక్కా."

"నీకెలా తెలుసు?"

"మోటారు. నేను తగ్గించిన. సర్వీస్ చేసినప్పుడు. పవర్ సగం చేసిన."

ఆండాళ్ తల తిప్పి చూసింది. "చెడిపోయిందా?"

"లేదు. నేనే తగ్గించిన. నువ్వు ముందుకి పోతున్నవని." ఇంకేదో చెప్పబోయింది గాని ఉన్నది అంతే. "మాట్లాడనీకి ఎవరూ లేరక్కా నాకు."

గాలికి ఎండుగడ్డి కదిలింది. దూరంగా ఒక గద్ద రెక్క ఆడించకుండా తిరుగుతోంది. ఆండాళ్ నీళ్ళ సీసా మూత బిగించింది. మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు, అదే విద్యకి భరించడం కష్టమైంది.

"నెమ్మదిగా రమ్మంటే వచ్చేదాన్ని కదా. అడిగితే."

"తెలుసు."

"నేను నా గుండె అనుకున్నాను విద్యా. ఇప్పుడు, ఈ కాసేపూ."

సైకిళ్ళు నడిపించుకుంటూ దిగారు. ఇంటి దగ్గర కృష్ణమూర్తి తోటలో గొట్టంతో నీళ్ళు పడుతున్నాడు. "అప్పుడే వచ్చేశారేం?" అన్నాడు. "ఎండగా ఉందండీ" అంది ఆండాళ్. అంతకు మించి చెప్పలేదు. విద్య ఇంటికి వెళ్ళి ల్యాప్‌టాప్ తెచ్చింది. ఆండాళ్ ఆమె భుజం వెనక నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అంకె మారుతూంటే చూసింది. అయ్యాక తనే వీధిలోకి తీసుకెళ్ళి చివరి దాకా తొక్కి వచ్చింది.

"సరిగ్గా ఉంది" అంది. తర్వాత, సైకిలుని గోడకి ఆనిస్తూ, "ఇకనుంచి సర్వీస్ షాపులో చేయించుకుంటాలే. నీకెందుకు శ్రమ" అంది.

కృష్ణమూర్తి లోపల్నుంచి కాఫీ తాగి వెళ్ళమని పిలిచాడు. విద్య ఇంకోసారి వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ వేసవి పొడుగ్గా సాగింది. విద్య రెండుసార్లు ఫోన్ చేసింది. ఆండాళ్ ఎత్తింది, బాగానే మాట్లాడింది. బుధవారం రైడ్ల గురించి, కూతురి కొత్త ఉద్యోగం గురించి. శనివారం మాట ఇద్దరూ ఎత్తలేదు. మూడోసారి చెయ్యాలనుకుని విద్య ఫోన్ చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడి, పెట్టేసింది. గ్యారేజీలో పని కల్పించుకునేది. తన బైకు హబ్బులు విప్పి గ్రీజు మార్చింది, అవసరం లేకపోయినా. గేరు కేబుళ్ళు కొత్తవి వేసింది. అన్నీ సరిగ్గా పనిచేస్తున్న సైకిలు మీద పనిచేయడం ఎంతోసేపు సాగదు. స్టూలు మీద కూచుని, చేతులకి అంటిన గ్రీజుని గుడ్డతో తుడుచుకుంటూ, అది పోయాక కూడా తుడుచుకుంటూ ఉండేది.

అక్టోబరులో ఒక ఆదివారం ఆండాళ్ కారు వాకిట్లో ఆగింది. వెనక ర్యాకు మీద ఆకుపచ్చ సైకిలు.

"ముందు బ్రేకు కీచుమంటోంది. షాపు వాళ్ళు రెండుసార్లు చూశారు. పోలేదు" అంది.

విద్య స్టాండుకి బిగించి చక్రం తిప్పింది. డిస్కు ఒక చోట వెంట్రుకంత వంగి ఉంది. తిప్పిన ప్రతిసారీ అక్కడే ప్యాడుకి రాసుకుంటోంది. ఆండాళ్ కాసేపు చూసి, "కాఫీ పెట్టుకోనా? నీ పొడి ఎక్కడుంది?" అంది.

"స్టవ్ మీది అలమారలో."

ఆండాళ్ లోపలికి వెళ్ళింది. గ్యారేజీలో సైకిలూ విద్యా మిగిలారు. ల్యాప్‌టాప్ బల్ల మీదే ఉంది. విద్య దాని వైపు చూడకుండా డిస్కుని చిన్న రెంచితో కొంచెం కొంచెం వంచి సరిచేసింది. ప్యాడ్లని ఇసుక కాగితంతో రుద్దింది. బ్రేకుని వదులుచేసి, లివర్ పట్టుకుని, మళ్ళీ బిగించింది. చక్రం నిశ్శబ్దంగా తిరిగింది.

గడప మీద కూచుని కాఫీ తాగారు.

"బుధవారాలు నేను మానలేను విద్యా" అంది ఆండాళ్. "వాళ్ళతో నాకు బాగుంది. అక్కడ నేను పేషెంట్‌ని కాదు. కొండ మీదికి నీతో అంటావా... ఇంకా ఆ చెట్టు దగ్గరికొస్తే నా చెయ్యి దానంతటదే మెడ మీదికి, నాడి దగ్గరికి పోతుంది. ఏం చెయ్యను."

"రమ్మని అడగనక్కా."

"విను ముందు. ఐరన్ హార్స్ ట్రైల్ ఉంది కదా, పాత రైలుకట్ట మీద. బల్లపరుపుగా ఉంటుంది. దాని మీద మోటార్ లేకుండా తొక్కగలను. నెలలో మొదటి శనివారం వెళదాం. నాకు నేనే స్విచ్ ఆపుకుంటాను."

ఆ చివరి మాటలో చిన్న ముల్లుంది. విద్య దాన్ని ఉంచుకుంది. "సరే" అంది. "థాంక్స్ అక్కా" అని కూడా అంది. వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ లేని మాట అది. ఆండాళ్ కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

నవంబరు మొదటి శనివారం వెళ్ళారు. జాగింగ్ చేసేవాళ్ళు, కుక్కలు, తోపుడు బళ్ళలో పిల్లలు. ఎదురొచ్చే వాళ్ళకి దారివ్వడానికి మాటిమాటికీ ముందూవెనకా అవ్వాల్సి వచ్చింది. ఇళ్ళ పెరటిగోడల వెంట మెల్లగా తొక్కారు. ఆండాళ్ మనవడి గురించి చెప్పింది. విద్య ఆఫీసులో విరగ్గొట్టిన ఒక కొత్త మిశ్రలోహం గురించి చెప్పింది. మాటలు వచ్చాయి, కానీ చూసుకుని వచ్చాయి. విడిపోయేటప్పుడు ఆండాళ్ ఆమె చెయ్యి పట్టుకుని ఒక క్షణం నొక్కి వదిలింది.

తర్వాతి శనివారం విద్య ఒక్కతే కొండకి వెళ్ళింది. ఎండాకాలం తర్వాత మొదటి వాన పడి దుమ్ము అణిగింది. ఎండుగడ్డి మొదళ్ళలో పచ్చదనం ఇంకా రాలేదు. సగం దారిలో వెనకనుంచి మోటారు సన్నటి రొద వినిపించింది. "ఆన్ యువర్ లెఫ్ట్" అన్నాడు ఎవరో. విద్య కుడి అంచుకి జరిగింది. పెద్దాయన ఒకాయన తల ఊపి దాటి, చూస్తుండగానే మలుపు తిరిగాడు. రొద కూడా వినిపించకుండా పోయింది.

ఆమె గేరు ఒకటి తగ్గించింది. కొత్త కేబుల్, చప్పుడు లేకుండా మారింది. దారికి నడిమధ్యకి వచ్చి, ఊపిరి సర్దుకుని, తన వేగంతోనే ఎక్కసాగింది.